పునాది పాతది

ఆన్సెల్మ్ బర్దోకి ఉన్న జబ్బు ఒక్కటే. పాత రాయి కనబడితే సైకిలు దిగుతాడు.

దిగడమంటే అలా ఇలా కాదు. షాంప్‌లూ సైకిల్ క్లబ్బు వాళ్ళు ఆదివారం పొద్దున్నే ఒకరి చక్రం వెనక ఒకరు మంచి ఊపు మీద పోతూ ఉంటారు. ముందున్న ఆన్సెల్మ్ చెయ్యి పైకెత్తుతాడు. "ఒక్క నిమిషం. ఇది చూసి తీరాలి" అంటాడు. వెనకవాళ్ళు బ్రేకులు నొక్కి, ఒకరి మీద ఒకరు పడబోయి, పనిలో పనిగా ఒకరినొకరు తిట్టుకుని ఆగేసరికి అతను సైకిలు కంచెకి ఆనించేసి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, పిల్లనడగడానికి వెళ్ళినవాడు కాబోయే మామగారి ముందు నిలబడ్డట్టు ఆ రాయి ముందు నిలబడి ఉంటాడు. అది చర్చి కావచ్చు. మలుపులో నాచుపట్టిన సిలువ కావచ్చు. పావురాల బురుజు కావచ్చు. ముక్కూ మూతీ లేని దేవదూత కావచ్చు. ఏదైనా సరే, అతని లెక్కలో అది పన్నెండో శతాబ్దం.

పదకొండు లేదు, పదమూడు లేదు. ఆ చుట్టుపక్కల మనుషులందరూ ఆ ఒక్క శతాబ్దంలోనే పుట్టి, కనబడిన రాయినల్లా చెక్కి పారేసి, ఆ తరవాత ఉలి ముట్టకుండా పడుకున్నారన్నట్టు చెప్పేవాడు.

ఒకసారి మేకల గట్టు ఎక్కి పైకి రాగానే చెయ్యెత్తాడు. అక్కడ ఉన్నది పశువుల నీళ్ళ తొట్టి. అందులో ఓ తెల్లావు మూతి పెట్టి ఉంది.

"ఈ తొట్టి చూశారా," అన్నాడు ఆన్సెల్మ్, ఆవుకి కూడా వినబడేలా. "కాలినడకన పోయే యాత్రికులు గుర్రాలకి నీళ్ళు పెట్టుకున్న తొట్టి. పన్నెండో శతాబ్దం."

"కాలినడకన పోయేవాళ్ళకి గుర్రాలెక్కడివి?" అన్నాడు రెమీ. రెమీ ఊళ్ళో రొట్టెల బట్టీ నడిపి మానుకున్నవాడు. ఆదివారం నిద్రపోవడం ఎలాగో తెలీక సైకిలు కొనుక్కున్నాడు. "అయినా ఈ తొట్టి మా మేనమామ పోయించాడయ్యా. సిమెంటు నేనే కలిపాను."

ఆన్సెల్మ్ తొణకలేదు. వంగి, తొట్టి అడుగున గోటితో గీకి, ఆ గోరు వాసన చూసి, "పైది మీ మామ. పునాది పాతది" అన్నాడు.

ఆ రోజునుంచి క్లబ్బులో అది ఊతపదమైపోయింది. ఎవరి టైరు పంక్చరైనా, ఎవరి పెళ్ళాం అలిగి పుట్టింటికి పోయినా, కేఫ్‌లో నిన్నటి కాఫీ కాచి పోసినా, "ఏం చేస్తాం, పునాది పాతది" అనుకునేవాళ్ళు. ఆన్సెల్మ్ కూడా నవ్వేవాడు. నవ్వి, మళ్ళీ ఆదివారం కరెంటువాళ్ళ ఇనప డబ్బా ముందు హెల్మెట్ తీసి నిలబడేవాడు.

ఈ ఆగుళ్ళ వల్ల అందరికంటే ఎక్కువ మండిపోయేది గిలేన్.

గిలేన్ సంతలో కోళ్ళమ్మి పిల్లల్ని పెంచిన మనిషి. బడికి పోయింది తక్కువ. దానికి ఆమె ఏనాడూ చిన్నబోలేదు సరికదా, చదువుకున్నవాళ్ళు ఎదురైతే కోడిని చూసినట్టు చూసేది: ముందు బరువు, తరవాత కళ్ళు. మొగుడు ఒక్తావ్ బతికున్నన్నాళ్ళూ క్లబ్బులో ముందువరసవాడు. అతను పోయాక అతని ఎర్ర సైకిలు మీద గుడ్డ కప్పి మూల పెట్టమని చుట్టాలన్నారు. గిలేన్ సీటు కిందికి దింపి తనే ఎక్కింది. పెద్ద జట్టులో అతని జాగా కూడా తనదేనంది. ఎవరూ కాదనలేదు. కాదన్నవాడికి సంతలో ముసలి పుంజు తప్ప ఇంకేమీ దొరకదని అందరికీ తెలుసు.

క్లబ్బులో జట్లు రెండు. పెద్ద జట్టు కొండదారిన పోతుంది. రెండోది కాలవగట్టు మీద చదునుగా, బాతుల వరసలా పోయి, ఎవరో ఒకరి ఇంట్లో ఆపిల్ టార్టు తిని వస్తుంది. మోకాళ్ళు అరిగినవాళ్ళూ, గుండెకి స్ప్రింగు వేయించుకున్నవాళ్ళూ అందులో ఉంటారు. గిలేన్ దానికి టార్టు జట్టని పేరుపెట్టింది.

"ఒక్తావ్ సైకిలు టార్టు కోసం తొక్కుతానా నేను?" అనేది. "నన్ను కాలవగట్టు మీదికి తీసుకెళ్ళాలంటే శవప్పెట్టెలో పెట్టే తీసుకెళ్ళాలి. అప్పుడు కూడా కొండదారినే తిప్పి తీసుకెళ్ళమని చెబుతా."

పల్లంలో ఆమె బాగానే తొక్కేది. ఎత్తు వచ్చేసరికి కొంచెం వెనకపడేది. వెనకపడటమని ఆమె అనదు. ముందు వాళ్ళకి దారివ్వడం అంటుంది. ఆయాసం కూడా ఆయాసం కాదు, తిట్టడానికి ఊపిరి దాచుకోవడం. అలా దాచుకుని, దాచుకుని, గట్టుమీదికి వచ్చేసరికి జట్టంతా ఏదో ఒక మొండిగోడ చుట్టూ నిలబడి ఉండేది.

"మళ్ళీ రాయేనా?" అనేది, సైకిలు దిగి గోడకి జారగిలబడుతూ. "సరిగ్గా నాకు ఊపొచ్చే వేళకి ఆపుతాడీ మనిషి. ఇతనే లేకపోతే మనం ఈపాటికి పారిస్ చేరి ఉండేవాళ్ళం."

"చూడదగ్గది మదాం," అనేవాడు ఆన్సెల్మ్. గిలేన్‌ని అతనెప్పుడూ మదాం అనే పిలుస్తాడు.

"నీ పన్నెండో శతాబ్దం వాళ్ళకి బుద్ధి లేదయ్యా. ఒక్కటంటే ఒక్కటి పల్లంలో కట్టారా? అన్నీ ఎత్తుమీదే."

"దేవుడికి దగ్గరగా ఉంటుందని మదాం."

"నీళ్ళ తొట్టి కూడానా?"

"గుర్రాలు దేవుడి బిడ్డలు కావా?"

ఇంకో విచిత్రం ఉంది. పరదేశీయులు బస్సులేసుకుని వచ్చి ఫోటోలు తీసుకునే పెద్ద మఠం ఒకటి ఏటి పక్కన, బల్లపరుపు దారిలో ఉంది. దాని ముందు మాత్రం ఆన్సెల్మ్ ఏనాడూ ఆగలేదు. తల కూడా తిప్పడు. ఎందుకాగవని అడిగితే, "అది అందరూ చూసిందేగా" అంటాడు. ఇలాంటి పిచ్చికి తర్కం ఉండదని గిలేన్ తేల్చేసింది.

ఇలా ఉండగా క్లబ్బుకి కొత్త ప్రెసిడెంటు వచ్చాడు. పేరు ఫాబ్రిస్. పట్నంలో ఇన్సూరెన్సు పని చేసి, తాతల ఇల్లు బాగుచేయించుకుని ఊరికి తిరిగొచ్చినవాడు. అతని హ్యాండిల్ మీద ఓ చిన్న గడియారంలాంటిది ఉంది. అది వేగం చెబుతుంది, సగటు చెబుతుంది, గుండె ఎలా కొట్టుకుంటోందో చెబుతుంది, కాస్త నెమ్మదిస్తే కుయ్యిమని మూలుగుతుంది. ఆన్సెల్మ్ ఆగినప్పుడల్లా అది మూలిగేది. దానితోపాటు ఫాబ్రిస్ కూడా మూలిగేవాడు.

ఓ ఆదివారం సవారీ అయ్యాక, కేఫ్‌లో అందరూ తెల్ల వైను గ్లాసులు పట్టుకుని ఉండగా అతను లేచి నిలబడ్డాడు.

"సెప్టెంబరు ర్యాలీకి చుట్టుపక్కల క్లబ్బులన్నీ వస్తాయి. జట్టంతా కలిసి చేరాలి. కిందటేడు మనం చేరేసరికి ఏమైంది?"

"బల్లలు మడిచేస్తున్నారు," అన్నాడు రెమీ.

"తిండి?"

"సాసేజీలు కుక్క తినేసింది."

"అందుకని రెండు మాటలు చెబుతున్నాను. ఒకటి, ఇకమీదట దారిలో ఆగుళ్ళు ఉండవు. రెండు, సగటు వేగం అందుకోలేనివాళ్ళు కాలవగట్టు జట్టుతో వెళతారు. వచ్చే నెల పుట్టగొడుగుల ఆమ్లెట్ విందు రోజున ఓటు వేద్దాం."

"మొదటిదానికి నేను రెండు చేతులూ ఎత్తుతా," అంది గిలేన్ వెంటనే. "రెండోది నాకెందుకు, అందుకోలేనివాళ్ళ సంగతి కదా."

కేఫ్‌లో ఉన్నవాళ్ళందరికీ ఉన్నట్టుండి గ్లాసులో ఏదో కనబడింది. అందరూ తలలు దించి దాన్నే చూస్తున్నారు. ఆన్సెల్మ్ ఒక్కడే ఆమెకేసి చూశాడు.

"ఇంకోసారి ఆలోచించండి మదాం."

"దేనికి? నీ రాళ్ళ కోసమా?"

"రాళ్ళ కోసమే మదాం."

"రాళ్ళకి ఓటు లేదు," అంది గిలేన్.

అంతటితో ఊరుకుందా? సంతలో ప్రతి కోడి వెనకా ఈ మాటే. గుడ్లు కొనడానికొచ్చిన క్లబ్బువాళ్ళ పెళ్ళాలకి, ఇంటికెళ్ళి మొగుళ్ళకి చెప్పమని చెప్పింది. ఆగుళ్ళు వద్దని చెయ్యెత్తనివాడికి ఈ క్రిస్మస్‌కి తన దగ్గర బాతు దొరకదని చెప్పింది. రెమీ ఒకసారి, "అక్కా, రెండో మాట కూడా దీనితో కలిసే ఉంది, చూసుకున్నావా?" అని నసిగాడు.

"నాకు చూపుందిరా. నువ్వు నీ పొట్ట చూసుకో, టార్టు జట్టుకి పనికొచ్చేలా ఉంది," అంది.

రెమీ పొట్ట నిమురుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ వారమే గిలేన్ ప్లమ్ చెట్టుకి నిచ్చెన వేసి, నిచ్చెనకి బదులు గాలిమీద కాలు పెట్టింది. ఎముక విరగలేదు గాని చీలమండ రొట్టెలా పొంగింది. డాక్టరు కదలొద్దన్నాడు. ఇంట్లో ఉంటే కదులుతుందని ఆడపడుచు కొలెత్ వచ్చి కారులో వేసుకుని వెరిన్యెకి తీసుకుపోయింది.

వెరిన్యె ఊరంటే ఓ నిట్టనిలువు ఎత్తు, దాని మీద ఓ చర్చి, చర్చికి ఎదురుగా కొలెత్ ఇల్లు. చర్చి గుమ్మం మీద రాతిసన్యాసి ఒకడున్నాడు. మూతి విరిగిపోయి, పంటినొప్పితో కూర్చున్నట్టుంటాడు. ఆన్సెల్మ్ అన్నిచోట్లకంటే ఎక్కువసేపు ఆగేది ఈ సన్యాసి దగ్గరే. ఆ మూతి ఎలా విరిగిందో ఒక్కోసారి ఒక్కో కథ చెప్పేవాడు. ఓసారి పిడుగు పడిందన్నాడు, ఓసారి ఇంగ్లీషువాళ్ళు కొట్టారన్నాడు, ఓసారి సన్యాసి భార్య అన్నాడు.

ఆదివారం వచ్చింది. గిలేన్ కిటికీ దగ్గర కూర్చుని కాలు పీట మీద పెట్టుకుంది. కొలెత్ పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. గిలేన్ కూడా గిన్నె లాక్కుని ఒలవసాగింది.

"ఇప్పుడొస్తారు చూడు," అంది. "సన్యాసి కనబడగానే పుంజులాగా మెడ సాచి చెయ్యెత్తుతాడు. అందరూ దభీదభీమని దిగుతారు. కిటికీ తెరువు, ఈసారి మూతి ఎవరు విరగ్గొట్టారో విందాం."

కొలెత్ కిటికీ తెరిచింది.

జట్టు వచ్చింది. ముందు ఆన్సెల్మ్. వీపు వంచి, గడ్డం హ్యాండిల్‌కి ఆనించి, ఎత్తుని వెన్నముద్దలా కోసుకుంటూ వచ్చాడు. చర్చి వచ్చింది. చెయ్యి లేవలేదు. సన్యాసి వచ్చాడు. తల అటు తిరగలేదు. అంతే కాదు, ఊరి చివర పేరుబోర్డు కనబడగానే పెడళ్ళ మీద నిలబడ్డాడు. బోర్డుని ముందు దాటినవాడు మొనగాడు. అది క్లబ్బు మగవాళ్ళకి వయసుతో తగ్గే రోగం కాదు. ఆన్సెల్మ్‌కి మాత్రం ఆ రోగం లేదనే గిలేన్ ఇన్నాళ్ళూ అనుకుంది. ఆ వేళ అతను బోర్డు దాటాక చాలాసేపటికి ఫాబ్రిస్ దాటాడు, గడియారం కుయ్యిమంటుంటే.

వీధి ఖాళీ అయింది. సన్యాసి పంటినొప్పితో అలాగే కూర్చున్నాడు.

"ఆగలేదేం వదినా?" అంది కొలెత్.

గిలేన్ కిటికీలోంచి బయటికి మెడ సాచింది.

"చర్చి కనబడలేదేమో," అంది కొలెత్ మళ్ళీ.

"చర్చి కనబడకపోవడానికి అది ఈగా?" అంది గిలేన్. ఆమె చేతిలో చిక్కుడుకాయ ఉంది. గింజలు తొక్కల్లోనూ, తొక్కలు గింజల్లోనూ పడుతున్నాయి.

కొలెత్ అది చూసి కూడా చూడనట్టే ఊరుకుంది. "ఆన్సెల్మ్ బడి బస్సు నడిపేవాడు కదా," అంది. "మా లూయీ రోజూ ఆలస్యమే. ఓ రోజు బూటు దొరకదు, ఓ రోజు సంచి దొరకదు. మిగతా డ్రైవర్లయితే హారను కొట్టి ఊరంతా లేపేవాళ్ళు. ఆన్సెల్మ్ ఒక్కసారి కొట్టలేదు. కిందికి దిగి, టైర్లు తన్ని చూసుకుంటూ బస్సు చుట్టూ తిరిగేవాడు. వీడు ఎక్కి కూర్చోగానే టైర్లు బాగుపడేవి. పెళ్ళి చేసుకునేదాకా మావాడు ఆ బస్సు టైర్లదే లోపమనుకున్నాడు."

"నేను బడిపిల్లనా?" అంది గిలేన్.

"నేనట్లా అన్నానా?"

"నా మొహం చూస్తే బూటు దొరకనిదానిలా ఉన్నానా?"

"ఆ గిన్నె ఇలా ఇయ్యి వదినా, ఇవాళ కూరలోకి తొక్కలు వండాల్సొచ్చేలా ఉంది."

గిన్నె ఇచ్చేసి గిలేన్ కిటికీలోంచి ఆ ఎత్తుకేసి చూస్తూ కూర్చుంది. మేకల గట్టు మీద తొట్టి గుర్తొచ్చింది. కరెంటు డబ్బా గుర్తొచ్చింది, అదీ ఎత్తుమీదే. మఠం గుర్తొచ్చింది, బల్లపరుపు దారి గుర్తొచ్చింది. కేఫ్‌లో గ్లాసుల్లోకి వంగిన తలలన్నీ గుర్తొచ్చాయి. అంటే వెధవలందరికీ తెలుసు. కొత్తగా వచ్చిన ఫాబ్రిస్‌కి తప్ప, తనకి తప్ప. ముందు ఆన్సెల్మ్ మీద కోపం వచ్చింది. ఆ తరవాత వచ్చిన కోపం మరీ ఘోరమైనది, ఎందుకంటే దాన్ని తిట్టడానికి ఎదురుగా మనిషి లేడు. సంత సంతంతా తిరిగి, బాతులు చూపించి బెదిరించి, తనని కాలవగట్టుకి సాగనంపే ఓటు తనే కూడగట్టుకుంది కదా.

మర్నాడు ఆన్సెల్మ్ పలకరించడానికి వచ్చాడు. మేకజున్ను తెచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని హెల్మెట్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నిన్న ఇటే వచ్చారా?" అంది గిలేన్, జున్ను కాగితం విప్పుతూ.

"వచ్చాం మదాం."

"సన్యాసి దగ్గర ఆగారా?"

"ఆగకుండా ఎలా పోతాం మదాం? చాలాసేపు ఆగాం."

"ఎలా ఉన్నాడు?"

"అలాగే ఉన్నాడు. పన్నెండో శతాబ్దం కదా."

గిలేన్ నోరు తెరిచింది. కొలెత్ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. గిలేన్ ఆ తెరిచిన నోట్లో జున్నుముక్క పెట్టుకుని నమలసాగింది. ఆమె పుట్టాక వచ్చిన మాట మింగడం అదే మొదలు.

ఆమ్లెట్ విందు నాటికి కాలు బాగుపడింది. ఆగుళ్ళు కావాలని చెయ్యెత్తితే, ఎందుకు కావాలో తనకి తెలిసిందని అందరికీ తెలుస్తుంది. ఎత్తకపోతే టార్టు. గిలేన్ ఆలోచించి ఓ నిర్ణయానికి వచ్చింది: అసలు ఆగకుండానే కొండలన్నీ ఎక్కేస్తే ఏ గొడవా ఉండదు. విందు రోజు పొద్దున్నే ఒక్తావ్ సైకిలు చైనుకి నూనె వేసి, రెండు గుడ్లు తాగి, అందరికంటే ముందు కేఫ్ దగ్గరికి వచ్చి నిలబడింది.

మొదటి ఎత్తుమీద సిలువ దగ్గర ఆన్సెల్మ్ చెయ్యెత్తాడు. "ఒక్క నిమిషం—"

గిలేన్ అతన్ని దాటుకుని పోయింది. "సిలువ ఎక్కడికీ పోదు, తొక్కు."

పావురాల బురుజు దగ్గర మళ్ళీ ఎత్తాడు.

"పావురాల్ని అడిగానని చెప్పు," అంటూ మళ్ళీ దాటింది.

ఫాబ్రిస్‌కి ప్రాణం లేచొచ్చింది. "శభాష్ మదాం. సగటు పెరుగుతోంది."

వెనక ఆన్సెల్మ్ హడావిడిగా హెల్మెట్ తగిలించుకుంటూ సైకిలెక్కుతున్నాడు. అతని మొహంలో ఏదో భయం ఉంది. బస్సు పిల్లాణ్ణి వదిలేసి కదిలిపోయినట్టు.

అప్పుడు మేకల గట్టు వచ్చింది.

సగందాకా గిలేన్ బాగానే ఎక్కింది. అక్కడినుంచి కాళ్ళు తనవి కావన్నట్టున్నాయి. ఎవరో అరువిచ్చి, మళ్ళీ వెనక్కి లాక్కుంటున్నట్టున్నాయి. జట్టు ఆమె వెనకే, దాటకుండా, అతి నెమ్మదిగా వస్తోంది. ఆమె నోటివెంట మాట రాకపోయేసరికి మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మదాం, సగటు పడిపోతోంది," అన్నాడు ఫాబ్రిస్ పక్కకి వచ్చి.

అతన్ని తిట్టడానికి ఒక్క తిట్టుకి సరిపడా ఊపిరి కూడా మిగల్లేదు. గిలేన్ దృష్టిలో అసలు ఆపద అది. కింద కాలవ మెరుస్తోంది. కాలవగట్టు మీద టార్టు జట్టు పసుపు టోపీలు పెట్టుకుని వరసగా పోతోంది. వాళ్ళలో ఎవరో పైకి చూసి చెయ్యి ఊపారు. రమ్మన్నట్టే ఉంది.

మలుపు తిరగ్గానే బట్టల రేవు కనబడింది. ఊరి ఆడవాళ్ళు ఒకప్పుడు బట్టలుతుక్కున్న రాతితొట్టి, నాలుగు స్తంభాల మీద పెంకుల కప్పు. గిలేన్ చెయ్యి హ్యాండిల్ వదిలి పైకి లేచింది.

"ఒక్క నిమిషం," అంది. తరవాత మాటకి చాలాసేపు పట్టింది. "ఇది... చూసి... తీరాలి."

అందరూ దభీదభీమని దిగారు. అందరికంటే ముందు ఆన్సెల్మ్ దిగాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఓ పాత రాయి ముందు నోరు మూసుకుని ఎదురుచూశాడు.

"ఇది తొట్టి," అంది గిలేన్, స్తంభం పట్టుకుని.

"అవును మదాం. తొట్టే."

"రాయి."

"మంచి రాయి మదాం. ఈ స్తంభం కూడా రాయేనా?"

"రాయే."

"ఆ పక్క స్తంభం?"

"అదీ... రాయే."

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు ఆన్సెల్మ్. "ఎంత పాతది మదాం? తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి."

గిలేన్ చాలాసేపు ఆలోచించింది. గాలి లోపలికి వస్తూ పోతూ ఉంది. "పన్నెండో శతాబ్దం," అంది.

ఫాబ్రిస్ తలెత్తి చూశాడు. "మదాం, దూలం మీద 1887 అని చెక్కి ఉందే."

"పునాది పాతది," అంది గిలేన్.

ఎవరూ నవ్వలేదు. రెమీ వంగి, బాగున్న టైరునే శ్రద్ధగా పరీక్ష చేయడం మొదలుపెట్టాడు. అతని వీపు మాత్రం కదులుతోంది.

ఊపిరి వచ్చింది. ఊపిరితోపాటు మాటలూ వచ్చాయి. "ఇక్కడ మా అమ్మ ఉతికేది," అంది గిలేన్. "ఇక్కడ, చెక్కపెట్టెలో గడ్డివేసుకుని, మోకాళ్ళ మీద. ఎవరికి కడుపొచ్చిందో, ఎవరి మొగుడు ఏ రాత్రి ఇంట్లో లేడో, దుప్పట్లు చూసి ఇక్కడ తేల్చేవాళ్ళు. ఫాదిరీకి తరవాత తెలిసేది. నీళ్ళు పడే మొదటి జాగా మీ నానమ్మది, ఫాబ్రిస్. ఎర్నెస్తీన్. ఆవిడ అక్కడ మోకరిస్తే పోలీసు వచ్చినా లేచేది కాదు."

"మా నానమ్మా?" అన్నాడు ఫాబ్రిస్.

"మీ నానమ్మే. మీ తాత ఆవిడకి మనసిచ్చింది కూడా ఇక్కడే. దుప్పటి పిండుతుంటే రెండో కొస నేను పట్టుకుంటానని సోకుగా వచ్చాడు. ఆవిడ ఒక్క మెలి పెట్టింది. ఆయన తొట్టిలో పడ్డాడు."

"మా తాత తొట్టిలో పడటం నాకు తెలుసు. మునిగిపోతున్న పిల్లని కాపాడబోయి పడ్డానని చెప్పేవాడు."

"మునిగింది ఆయనే. జుట్టు పట్టి లాగింది మీ నానమ్మ. అలా పట్టుకున్న జుట్టు చచ్చేదాకా వదల్లేదు."

ఫాబ్రిస్ రాతి అంచు మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆ రాయి మీద చెయ్యి వేసి తడిమాడు. ఇంకా చెప్పమన్నాడు. గిలేన్ చెప్పింది. ఎవరూ కదలకపోయేసరికి అతని గడియారం కుయ్యిమని, మళ్ళీ కుయ్యిమని, అలిసిపోయి ఆరిపోయింది. ఫాబ్రిస్ చూసుకోలేదు.

"ఓటు ఇక్కడే వేసేద్దాం," అంది గిలేన్. "ఆమ్లెట్ దగ్గర ఎవరి నోరూ ఖాళీగా ఉండదు. ఆగుళ్ళు ఉండాలనేవాళ్ళు?"

చేతులన్నీ లేచాయి. రెమీ టైరు వదలకుండానే ఎత్తాడు.

"వద్దని ఊరంతా తిరిగింది మీరే కదా మదాం?" అన్నాడు ఫాబ్రిస్.

"అప్పటికి ఆలోచించలేదు. ఈ దేశంలో ఆలోచించి ఓటేసేవాణ్ణి ఒకణ్ణి చూపించు."

"మరి ర్యాలీ?"

"కుక్క కంటే ముందు చేరితే చాలు," అన్నాడు రెమీ.

ఫాబ్రిస్ రేవుకేసి చూశాడు, నానమ్మ జాగాకేసి చూశాడు, చెయ్యెత్తాడు. రెండో మాట సంగతి ఎవరూ అడగలేదు. దానికి ఇక పనిలేదని అతనికి కూడా అర్థమైందో, లేక తొట్టిలో పడ్డ తాతే ఇంకా కళ్ళముందు ఉన్నాడో చెప్పలేం.

గట్టు దిగాక దారి చదునైంది. గిలేన్, ఆన్సెల్మ్ పక్కపక్కన తొక్కుతున్నారు. పెద్ద మఠం వచ్చింది, పోయింది. ఆన్సెల్మ్ తల తిప్పలేదు.

"వెరిన్యె సన్యాసికి మూతి ఇంకా విరిగే ఉందా?" అంది గిలేన్.

"విరిగే ఉంది మదాం."

"నీకెలా తెలుసు? నువ్వు చూసింది బోర్డుని. నేను కొలెత్ కిటికీలోంచి నిన్ను చూశాను."

ఆన్సెల్మ్ చెవులు హెల్మెట్ కింద ఎర్రబడ్డాయి.

"ఆవేళ గాలి వెనకనుంచి కొట్టింది మదాం," అన్నాడు. "ఆగుదామంటే కుదరలేదు."

"ఫాబ్రిస్‌ని బాగా వెనక వదిలావు."

"చాలా వెనక," అన్నాడు ఆన్సెల్మ్, దాచుకోలేక.

"ఒక్తావ్ చూస్తే సంతోషించేవాడు," అంది గిలేన్.

షాంప్‌లూ చేరేముందు ఆఖరి ఎత్తు ఒకటుంది. చిన్నదే. పొద్దుటినుంచి తొక్కిన కాళ్ళకి చిన్నదేం కాదు. గిలేన్ ఎత్తుకేసి చూడలేదు, ఆన్సెల్మ్‌కేసి చూడలేదు. సగం ఎక్కాక అతని చెయ్యి లేచింది.

"ఒక్క నిమిషం. ఇది చూసి తీరాలి."

అక్కడ ఉన్నది బస్సు కోసం నిలబడే షెడ్డు. ప్లాస్టిక్ కప్పు, లోపల ఓ బెంచీ, సగం చిరిగిన సర్కసు బొమ్మ. ఆన్సెల్మ్ హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "పన్నెండో శతాబ్దం," అన్నాడు.

ఫాబ్రిస్ నోరు తెరవబోయాడు. రెమీ అతని కాలు తొక్కాడు.

గిలేన్ అందరికంటే ముందే దిగింది. ఒక్తావ్ సైకిలుని షెడ్డుకి ఆనించి, లోపలికి వెళ్ళి, బెంచీ మీద సుఖంగా కూర్చుని కాళ్ళు చాపుకుంది.

"చెప్పవయ్యా," అంది. "తాపీగా చెప్పు. పునాది దగ్గర్నుంచి మొదలుపెట్టు."